చిన్నోడి దీక్ష

కొత్తగా ఉద్యోగంలో చేరిన పశువైద్యులు అప్పుడప్పుడూ జనగామలో మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగుతూ, "మీ సర్వీసుల బాగ యాదున్న కేసు ఏంది సార్?" అని అడుగుతారు. మహదేవపూర్ అడవి ఊళ్ళలో టార్చిలైటు పట్టుకుని ఎద్దుకు చేసిన ఆపరేషనో, గోదావరి పొంగినప్పుడు పడవెక్కి వెళ్ళి గొర్రెలకు టీకాలు వేసిన సంగతో చెప్తానని వాళ్ళ ఆశ. నేను చెప్పేది విన్నాక పాపం మొహాలు చిన్నబోతాయి. నా ఉద్యోగ జీవితం మొత్తంలో నేను గర్వంగా చెప్పుకునే వైద్యం దవాఖానకు తాళం వేసి, సమ్మెలో కూర్చుని, ఒక్క సూది కూడా వేయకుండా చేసింది. పేషంటు గేదె కాదు, ఎద్దు కాదు. ఒక గ్రేట్ డేన్ కుక్క.

అప్పుడు నేను నెల్లికుదురులో ఉన్నాను. తెలంగాణ కోసం ఉద్యోగులందరం పనులు ఆపి రోడ్డు మీదికి వచ్చిన ఏడాది అది. ఊళ్ళో ఒక మాజీ సర్పంచ్ ఉండేవాడు. పదవి పోయి చాలా కాలమైనా జనం ఇంకా సర్పంచ్ సాబ్ అనే పిలిచేవాళ్ళు, అలా పిలవకపోతే ఆయన పలికేవాడు కాదు. భూములున్న ఇల్లు, పెద్ద గేటు. హైదరాబాద్‌లో ఎవరో దోస్తు ఫామ్‌హౌస్‌లో నడుమెత్తు కుక్కను చూసి మనసు పడి, ఆ జాతి పిల్లనే ఒకదాన్ని తెచ్చుకున్నాడు. గేటు ముందు దాన్ని నిలబెడితే ప్రత్యర్థి పార్టీ వాళ్ళు ఆ వీధి దిక్కు రారని ఆయన లెక్క.

ఆ లెక్క మొదట్లోనే తప్పు. గ్రేట్ డేన్ పేరులో డెన్మార్క్ వాసన ఉంది గానీ, దాన్ని పెంచి పోషించింది జర్మనీ దొరలు, అడవిపందుల వేట కోసం. తర్వాత వేటలు పోయాయి. పెంచేవాళ్ళు దాని కోపాన్ని తగ్గించుకుంటూ వచ్చారు, ఒళ్ళు మాత్రం తగ్గించలేదు. ఇప్పుడు మిగిలింది దూడంత శరీరం, పసిపిల్లంత గుణం. దీనికి ఒక వింత అలవాటుంది. నచ్చిన మనిషి కనిపిస్తే వచ్చి పక్కన నిలబడి, తన బరువంతా మన మీద వాల్చేస్తుంది. గోడకు చేరగిలబడ్డట్టు. తెలియని వాడైతే కిందపడతాడు. తెలిసిన వాడు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడతాడు. నేను మొదటిసారి టీకా వేయడానికి వెళ్ళినప్పుడు పడ్డాను.

సర్పంచ్ సాబ్ దానికి టైగర్ అని పేరు పెట్టాడు. ఆ పేరు గేటు మీద బోర్డుకే పరిమితమైంది. ఆయన తల్లి, మేమంతా అవ్వ అని పిలిచే మనిషి, దాన్ని 'చిన్నోడు' అనేది. ఊరంతా అదే పేరు ఖాయం చేసింది. రెండు నెలల వయసులోనే ఊరకుక్కంత ఉన్నదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని "నా చిన్నోడు అన్నం తిన్లే" అని అవ్వ బాధపడుతుంటే చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. ఆ ముచ్చటే దాని కాళ్ళ మీదికి వచ్చింది.

వానాకాలం ఇంకా పోలేదు. సర్పంచ్ సాబ్ కబురు పెడితే నేనూ మా కాంపౌండరూ వెళ్ళాం. కాంపౌండర్ మంచి పనిమంతుడు, ఊళ్ళో పాత ముస్లిం కుటుంబం, వయసులో నాకంటే పెద్ద. నేనూ ఊరూ ఆయన్ని చాచా అనేవాళ్ళం. వెళ్ళేసరికి చిన్నోడు వాకిట్లో పడుకుని ఉన్నాడు. ఆరు నెలల పిల్ల, ఎత్తు నా నడుము దాకా వచ్చేసింది. లేపితే ముందు కాళ్ళు బయటికి వంగిపోయి, మణికట్ల దగ్గర ఉబ్బి, పంజాలు పరుచుకుపోయి ఉన్నాయి. రెండు అడుగులు వేసి మూలిగి కూలబడ్డాడు.

"ఏం పెడుతున్నరు అవ్వా?" అని అడిగాను.

అవ్వ మొహం వెలిగింది. "ఏం తక్కువ జేస్తలేను నాయినా. పొద్దుగాల పాలల్ల గుడ్లు. పగటీలి బొక్కల షేర్వాల జొన్నగటక. మాపటీలి పప్పన్నం, దాంట్ల ఎన్నపూస. నడుమ నడుమ రొట్టె. మల్ల బొక్కలు గట్టిపడాలెనని గీ మందు."

లోపల్నుంచి ఒక సీసా తెచ్చి చూపించింది. ఈనిన గేదెలకు పట్టించే కాల్షియం టానిక్. లీటరు సీసా.

"ఇది ఎవరు చెప్పిన్రవ్వా?"

అవ్వ నా వెనక్కి చూసింది. నేనూ వెనక్కి చూశాను. చాచా తల పైకెత్తి సర్పంచ్ గారి ఇంటి దూలాలు ఎంత బాగున్నాయో పరిశీలిస్తున్నాడు.

చాచాను తిట్టాను, తిట్టకుండా ఎలా ఉంటాను. కానీ ఆయన ఆలోచన మాకందరికీ అలవాటైన ఆలోచనే. పశువుల మధ్య పుట్టి పెరిగిన వాళ్ళం. దూడ బలిసిందంటే బాగుందని అర్థం, ఎంత పెడితే అంత మంచిది. ఇంత ఒళ్ళున్న జీవికి ఎముకల మందు ఎంత పోస్తే అంత మేలనిపించడంలో వింతేమీ లేదు. భారీ జాతి కుక్కల దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. వాటి పిల్లలు నిదానంగా పెరగాలి. పిల్లర్లు ఆరకముందే పైన స్లాబు మీద స్లాబు వేస్తే ఏమవుతుందో అదే చిన్నోడికి జరిగింది. ఒళ్ళు ముందు పరిగెత్తింది, ఎముక వెనకబడింది, పైగా ఆ టానిక్ ఎముకను ఇంకా చెడగొట్టింది.

సీసా బంద్ చేయించాను. తిండి సగానికి తగ్గించి, అది కూడా ఒక్కసారే కాకుండా చిన్న చిన్న పూటలుగా పెట్టమన్నాను. తిన్నాక ఉరికించొద్దు, ఈ జాతికి పొట్ట మెలిపడే గండం ఉంది. బండ మీద పడుకోబెట్టొద్దు, గడ్డి మీద గోనెసంచి పరచండి. రోజూ కొంచెం మెత్తటి నేల మీద నడిపించండి. అన్నీ విని అవ్వ నా మొహంలోకి చూసింది.

"ఆకలితోని సంపుమంటున్నవా డాక్టరూ?"

"బతికిద్దామనే అంటున్ననవ్వా."

"మా గడపల నిలవడ్డ నోరులేని జీవి కడుపు మాడిన దినం ఇప్పటిదాక లేదు," అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. నేను నెత్తి కొట్టుకుంటూ బయటికొచ్చాను.

కొద్ది రోజులకే సమ్మె మొదలైంది. మా పశువుల దవాఖానకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, మండలాఫీసు ఎదురుగా వేసిన టెంటులో వచ్చి కూర్చున్నాం. ప్రాణం మీదికి వస్తే సంచి పట్టుకుని రైతుల ఇళ్ళకు పోయేవాళ్ళం గానీ, దవాఖాన తలుపు మాత్రం తెరవలేదు. టెంటులో రిలే నిరాహార దీక్షలు. ఇవాళ టీచర్లు, రేపు రెవెన్యూ వాళ్ళు, ఎల్లుండి మేం. పొద్దున మెడలో బంతిపూల దండ వేసుకుని కూర్చుంటే, సాయంత్రం ఎవరో పెద్దమనిషి వచ్చి నిమ్మరసం తాగించి లేపేవాడు. దీక్షలో లేని వాళ్ళు కూడా ఆ టెంటు కింద పగలు ఏదీ నోట్లో వేసుకునేవాళ్ళు కాదు. అదొక కట్టుబాటు. పల్లీలు తినాలన్నా రోడ్డు దాటి పోవాల్సిందే.

అలా కూర్చుని ఉండగా ఒకరోజు సర్పంచ్ సాబ్ వచ్చి నన్ను పక్కకు పిలిచాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి గొంతు తగ్గించాడు.

"డాక్టర్ సాబ్, నాతోని అయితలేదు. అది లేవబొయ్యి మూలుగుతుంటె ఇనలేకపోతున్న. సూది ఏసెయ్యి. అవ్వకు నేను చెప్పుకుంట."

ఏ సూదో అడగాల్సిన పని లేదు. లేవలేని పశువుకు బాధ లేకుండా కన్ను మూయించే మందు ఒకటి మా దగ్గర ఉంటుంది, బీరువాలో. నా మనసు వెంటనే ఒప్పుకోలేదు. ఆ వంకర ఇంకా తిరిగి సర్దుకునే వయసే, నోరు కడితే చాలు అనిపించింది.

"మందు దవాఖానల ఉంది. దవాఖాన సమ్మె అయిందాక తెర్వ," అన్నాను. "అప్పటిదాక నాకు ఇడువుండ్రి. అప్పటికీ సక్కగ నిలవడకపోతె మీరు చెప్పినట్టే చేస్త."

సర్పంచ్ సాబ్ తలూపి, "మంచిది. సమ్మె అయిపోంగనే," అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. కళ్ళు తుడుచుకుంటూ పోయాడు.

సమ్మె ఎప్పుడు అయిపోతుందో మాకు తెలియదు. హైదరాబాద్‌లో చర్చలంటారు, ఢిల్లీకి పిలిచారంటారు, సాయంత్రానికి ఏమీ లేదంటారు. మిగతా వాళ్ళంతా మంచి కబురు కోసం చెవులు రిక్కించుకుని ఉంటే, ఆ కబురు ఇంకొన్నాళ్ళు ఆగితే బాగుండని లోపల అనుకున్న ఉద్యోగిని ఆ టెంటులో నేనొక్కడినే అనుకుంటాను. ఒకవైపు రాష్ట్రం, ఒకవైపు కుక్క. ఎవరికి చెప్పుకోను.

వారం తర్వాత వెళ్ళి చూస్తే చిన్నోడి ఒళ్ళు ఒక్క పిసరు తగ్గలేదు. అవ్వ మొక్కిన దేవుళ్ళందరి మీదా ఒట్టు పెట్టింది, నేను చెప్పిన కొలతే పెడుతున్నానని. నిజమే చెప్తోంది, ఆ మొహంలో అబద్ధం లేదు. మరి తిండి ఎక్కడిది? సర్పంచ్ గారి గేటు మా టెంటులోంచి కనిపిస్తుంది. మర్నాడు పొద్దంతా దాని మీదే కన్నేసి కూర్చున్నాను. హోటలాయన వచ్చి గేటు జాలీ సందులోంచి, లోపల పడుకున్న చిన్నోడికి రెండు బిస్కెట్లు వేశాడు. పాలు పోసే ఆమె చెంబులో అడుగున మిగిలినవి ఒంచిపోయింది. బస్సుల్లేక ఖాళీగా తిరుగుతున్న కండక్టరు సగం అరటిపండు పెట్టాడు. చిన్నోడికి తిండి తగ్గించారని ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది, అందరికీ జాలి పుట్టింది. చివరికి మా చాచా కాగితం పొట్లంతో గేటు దగ్గరికి పోయి అటూ ఇటూ చూశాడు.

"చాచా," అని టెంటులోంచి కేకేశాను.

పొట్లం వెనక దాచుకుని వచ్చాడు. "ఒక్క బొక్కే సాబ్. బిచారా మొఖం జూస్తె పానం పట్టలే."

నాకు కోపం వస్తే ఆగదు. సమ్మెలో ఉన్నానని కూడా మర్చిపోయాను. "ఒక్కొక్కరు ఒక్కొక్కటి పెడితె దాని కాళ్ళు ఎట్ల సక్కగైతయి? గీ మండలంల తినకుంట, తినబెట్టకుంట ఉండే జాగ ఏదన్న ఉందంటె గీ టెంటొక్కటే" అని అరిచాను.

టెంటులో అందరూ నా వైపు తిరిగారు. నోట్లోంచి వచ్చిన మాట నాకే అప్పుడు వినిపించింది.

మర్నాడు పొద్దున ట్రాలీ ఆటోలో గోనెసంచులు పరిచి చిన్నోణ్ణి టెంటులోకి తెచ్చాం. సర్పంచ్ సాబ్‌కు నామోషీగా ఉంది. "కుక్కను దీక్షల కూసోబెడితె జనం నవ్వరా?" అన్నాడు. "నవ్వితె నవ్వనియ్యి," అంది అవ్వ. జనం కంటే ముందు ఒక హైస్కూలు మాస్టారుకు కోపం వచ్చింది. ఉద్యమంలో చాలా నిష్ఠ ఉన్న మనిషి.

"ఇది ఉద్యమమా, ఎగతాళా? రేపు ఆంధ్రోళ్ళు పేపర్ల రాసి నవ్వరా?" అన్నాడు.

చాచా నిన్నటి తప్పు దిద్దుకోవాలని చూస్తున్నాడేమో, వెంటనే అందుకున్నాడు. "జర్మనీల పుట్టిన జాతి అని డాక్టర్ సాబ్ చెప్పిండు. అయితె ఏంది సార్? గిప్పుడు నెల్లికుదురు నీళ్ళు తాగుతుంది. మనదే." మాస్టారు పక్కకు తిరిగి కూర్చున్నాడు.

ఎవరో చిన్నోడి మెడలో కూడా దండ వేశారు. వాడు ఒక పువ్వు తిన్నాడు. అదే వాడి దీక్షాభంగం, తర్వాత దండలు వేయనివ్వలేదు.

పస్తులుంచానని అనుకోకండి. పొద్దున ఇంటి దగ్గర కొలిచి ఒక పూట, సాయంత్రం అందరూ నిమ్మరసం తాగాక ఇంకో పూట. మధ్యలో నీళ్ళు మాత్రమే. ఒక పూట తగ్గించుకోక తప్పలేదు. టెంటు వెనక దున్నిన చెలకలో గుల్లబారిన మట్టి ఉంది, దాంట్లో కాసేపు మెల్లగా నడిపించేవాణ్ణి. నేను అలసిపోతే చాచా. అవ్వ కూడా పొద్దున్నే వచ్చి వాడి పక్కనే చాప మీద కూర్చునేది. టెంటు కట్టుబాటని తంబాకు డబ్బీ ఇంట్లోనే పెట్టి వచ్చేది, చూసి ఆశ్చర్యపోయాను. మధ్యాహ్నం ఒకసారి నా వైపు వంగి అడిగేది. "సమ్మె అయిపోతదంటనా నాయినా?" రోజూ అదే ప్రశ్న. ఏమో అవ్వా, చర్చలు నడుస్తున్నాయట అనేవాణ్ణి. సరేనన్నట్టు తలూపి చిన్నోడి చెవులు నిమిరేది. పొలం పనులకు ట్రాక్టర్ డీజిల్ దొరకడం లేదని ఆమె పరేషాన్ కావచ్చు అనుకున్నాను.

గ్రేట్ డేన్ గుణం ఎలాంటిదో పుస్తకాల్లో చదివితే తెలియదు, దానితో ఒక టెంటులో రోజులు గడిపితే తెలుస్తుంది. వాడు మొరిగిన గుర్తు నాకు లేదు. నినాదాలు ఇస్తుంటే తల పక్కకు వాల్చి వినేవాడు. కొత్తగా దీక్షలో కూర్చున్న వాళ్ళ దగ్గరికి పాక్కుంటూ పోయి, ఒళ్ళో తల పెట్టి నిద్రపోయేవాడు. ఆ తలే ఒక బుట్టంత ఉంటుంది. ఒకరోజు మాస్టారు వంతు వచ్చింది. అందరినీ వదిలేసి చిన్నోడు ఆయన ఒళ్ళోనే తల పెట్టాడు. మాస్టారు మొదట బిగుసుకుపోయి, తర్వాత కొంచెం సర్దుకుని, సాయంత్రం దాకా కదల్లేదు. లేచేటప్పుడు కాలు తిమ్మిరెక్కి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. "నిద్ర పాడుచెయ్యబుద్ధి గాలే," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

ఒళ్ళు తగ్గింది. మణికట్ల వాపు దిగింది. కానీ కాలు సరిగ్గా మోపడం లేదు, లేపితేనే లేస్తున్నాడు. బతుకమ్మ పండుగ వచ్చేసింది. సమ్మె రేపో మాపో ముగుస్తుందన్న మాట బలంగా వినిపిస్తోంది. సర్పంచ్ సాబ్ నాతో కళ్ళు కలపడం మానేశాడు. నేనూ ఆయనతో కలపలేదు.

పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు పొద్దున పోలీసు జీపు వచ్చి టెంటు ముందు ఆగింది. రోడ్డుకు అడ్డం ఉంది, టెంటు తీసేయాలని పైనుంచి ఆదేశమట. ఎస్సై యువకుడు, బందోబస్తుకు కొత్తగా వచ్చాడు. మేం లేచేది లేదన్నాం. ఆయన గొంతు పెంచాడు, మావాళ్ళు నినాదాలు పెంచారు. ఎస్సై టెంటు లోపలికి రెండు అడుగులు వేశాడు.

అప్పుడు చిన్నోడు లేచాడు. ఎవరూ లేపలేదు. ఎస్సై ఉన్నచోటే ఆగిపోయాడు, చెయ్యి లాఠీ మీదికి పోయింది. గొడవ విని వచ్చిన సర్పంచ్ సాబ్ మొహంలో ఒక్క క్షణం వెలుగు కనిపించింది. ఇన్నాళ్ళకు తన టైగర్ టైగర్‌లా చేస్తుందని ఆశపడ్డాడేమో. చిన్నోడు తీరిగ్గా నడుచుకుంటూ పోయి, ఎస్సై పక్కన చేరి, తన బరువంతా ఆయన మీద వాల్చేశాడు. ఎస్సై ఊగి, గుంజ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"ఏంది ఇది, ఏమంటది?" అన్నాడు మెల్లగా.

"మీరు నచ్చిన్రు అంటంది," అన్నాను. "కాళ్ళు జర ఎడం పెట్టి నిలవడున్రి, పడిపోతరు."

ఆయన పెట్టాడు. నినాదాలు ఇస్తున్న వాళ్ళే నవ్వడం మొదలుపెట్టారు, కానిస్టేబుళ్ళూ నవ్వారు. నేను నవ్వలేదు. నేను కింద చూస్తున్నాను. ముందు కాళ్ళు రెండూ గుంజల్లా తిన్నగా ఉన్నాయి. పంజాలు ముడుచుకుని నేలను పట్టుకున్నాయి. అవ్వ వైపు చూశాను. ఆమె కూడా కాళ్ళనే చూస్తోంది. సర్పంచ్ సాబ్ కూడా.

"ఆడోళ్ళు బతుకమ్మ ఆడుకున్నంక, రేపు తీసెయ్యున్రి," అని చెప్పి ఎస్సై వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు చిన్నోడి తల మీద చెయ్యి పెట్టాడు.

సాయంత్రం ఆడవాళ్ళంతా టెంటు ముందే బతుకమ్మలు పెట్టి ఆడారు. చెరువులో వదిలి వచ్చాక రొట్టెలు నలిపి చేసిన మలీద ముద్దలు పంచారు. అవ్వ ఒక ముద్ద పట్టుకుని చిన్నోడి ముందు కూర్చుంది. పెద్ద ముద్ద, బెల్లం, నెయ్యి. వాడు దాని వైపే చూస్తున్నాడు. అవ్వ నా వైపు చూసింది. ఆ రోజు ఆమె ఆ ముద్ద మొత్తం పెట్టినా నేను ఆపేవాణ్ణి కాదు. ఆమె చింతగింజంత తుంచి వాడి నాలుక మీద పెట్టి, మిగతాది నా చేతిలో పెట్టింది.

"తిను నాయినా. నువ్వు ఎండుకపోయినవ్."

నేను తింటుంటే మెల్లగా చెప్పింది. "ఆ దినం నా కొడుకు నీతోని సూది ముచ్చట మాట్లాడింది నాకు ఎరుకే. టెంటు ఎనక నేను పిడకలు ఏరుకుంటున్న. అందరు తెలంగాణ రావాలెనని మొక్కుతుంటె నేను సమ్మె అయిపోవద్దని మొక్కిన. దవాఖాన తెరిస్తె నువ్వు సూది తెస్తవని. పాపమే గావచ్చు."

ఇన్నాళ్ళూ పక్కపక్కనే కూర్చుని మేమిద్దరం ఒకే కోరిక కోరుకున్నాం, ఒకరికొకరు చెప్పుకోకుండా. జేబులోంచి దవాఖాన తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాను. "నీ దగ్గరనే పెట్టుకో అవ్వా," అన్నాను. ఆమె దాన్ని కొంగుకు ముడేసుకుంది.

చిన్నోడు ఆ తర్వాత ఆ జాతికి దక్కే ఆయుష్షు నిండుగా బతికాడు. రాష్ట్రం వచ్చిన నాడు సర్పంచ్ గారి గేటు ముందు పటాకుల మోతకు భయపడి అవ్వ మంచం కిందికి దూరాలని చూసి, పట్టక, మంచాన్నే ఎత్తేశాడట. నాకు అప్పటికి బదిలీ అయింది, చాచా ఫోన్ చేసి చెప్పాడు.

ఇక సమ్మె ముగిసిన రోజు సంగతి. మండలాఫీసు తెరుచుకుంది, బడి తెరుచుకుంది, పోస్టాఫీసు తెరుచుకుంది. పశువుల దవాఖాన ముందు మాత్రం గేదెలు తోలుకొచ్చిన రైతులతో పాటు నేనూ చాచా నిలబడి ఉన్నాం, తాళంచెవి లేక. కాసేపటికి వీధి మలుపులో అవ్వ కనిపించింది. పక్కన చిన్నోడు, మెడకు తాడు లేదు, నాలుగు కాళ్ళ మీదా తిన్నగా నడిచి వస్తున్నాడు. అవ్వ కొంగు ముడి విప్పి తాళం తీసింది. అందరికంటే ముందు చిన్నోడే లోపలికి నడిచాడు. పేషంటే వచ్చి దవాఖాన తెరిపించిన రోజు నా ఉద్యోగంలో అదొక్కటే.